వీడియో ఆటలలో నియమం – అర్థం: ఒక పరిశీలన

వీడియో ఆట అనగానే పెద్దల మనస్సులో మెదిలే మొదటి మాట కాలహరణం. విద్యార్థుల మనస్సులో మెదిలే మొదటి మాట వినోదం. ఈ రెండు మాటలలో ఏదీ అబద్ధం కాదు. కాని వీటి వలన ఒక ఆటకూ మరొక ఆటకూ గల భేదం మాత్రం మనకు బోధపడదు. నవలలు చదివితే పిల్లలు చెడిపోతారని భయపడిన రోజులు ఒకప్పుడు ఉండేవి. ఆ నవలలే నేడు పాఠ్యగ్రంథాలైనాయి. మంచి నవల ఏది, చెడ్డ నవల ఏది అని విడదీసి చూపే విమర్శ పెరగటం వలననే అది సాధ్యమైంది. వీడియో ఆటల విషయంలో అటువంటి విమర్శ మన భాషలలో ఇంకా తగినంతగా లేదు. ఇటీవల నేను ఆడిన నాలుగు ఆటలను ఆధారం చేసికొని, ఆటను ఏ విధంగా చదవవచ్చునో ఈ వ్యాసంలో పరిశీలిస్తాను.

డబ్బు పణంగా పెట్టి ఆడే ఆన్‌లైన్ పేకాటలు మొదలైనవి ఈ చర్చలోకి రావు. వాటిని తెలంగాణ 2017లోను, ఆంధ్రప్రదేశ్ 2020లోను నిషేధించగా, 2025లో పార్లమెంటు దేశమంతటికీ వర్తించే చట్టం చేసింది. అవి ఆట పేరు తగిలించుకొన్న జూదాలు గనుక వాటిని అంతటితో వదలివేద్దాము.

ఆటలపై మన సాహిత్యంలోనే ఒక బలమైన అభియోగం ఉన్నది. ప్రేమ్‌చంద్ 1924లో హిందీలో వ్రాసిన 'షత్రంజ్ కే ఖిలాడీ' కథ ఉర్దూలో 'షత్రంజ్ కీ బాజీ' అనే పేరుతో ప్రసిద్ధం. అవధ్ రాజ్యం ఆంగ్లేయుల పాలవుతుండగా లక్నోలో ఇద్దరు జాగీర్దారులు చదరంగం బల్ల ముందు నుండి లేవరు. నిజమైన రాజు బందీ అయినప్పుడు కదలని వారు చెక్క రాజు కోసం కత్తులు దూసి ఒకరినొకరు చంపుకొంటారు. 1977లో సత్యజిత్ రాయ్ దీనిని చలనచిత్రంగా తీసినప్పుడు వారిని చావనివ్వలేదు. నా దృష్టిలో ఆ ముగింపే మరింత కఠినమైనది. ఈ అభియోగానికి నా వద్ద పూర్తి సమాధానం లేదు. అయితే అది ఆడేవారిపై మోపిన అభియోగమే గాని, చదరంగం ఏమి చెబుతున్నదో విచారించినది కాదు. ఆ విచారణ వేరుగా జరుగవలసి ఉన్నది.

ఆ విచారణకు మన ఇళ్ళలోని వైకుంఠపాళి కంటె మంచి ఉదాహరణ దొరకదు. ఆ పటంలో పుణ్యకార్యాలు నిచ్చెనలుగా, పాపాలు పాములుగా చిత్రింపబడి ఉంటాయి. మంచి నడవడి గలవాడు పైకి పోతాడు, చెడునడవడి గలవాడు క్రిందికి జారుతాడు అని బొమ్మ చెబుతున్నది. ఇక నియమాన్ని చూడండి. ఆడేవాడు గవ్వలు వేస్తాడు, పడిన లెక్క ప్రకారం కాయను జరుపుతాడు. పుణ్యాన్ని ఎన్నుకొనే అవకాశం గాని, పాపాన్ని తప్పించుకొనే అవకాశం గాని అతనికి లేదు. కాయ పెద్దపాము నోట పడితే అది అతని దోషం కాదు. బొమ్మ కర్మను గురించి చెబుతుండగా నియమం అదృష్టాన్ని గురించి చెబుతున్నది. ఆడేవాని చేతికి అలవాటయ్యేది మాత్రం నియమమే. ఏ ఆటనైనా పరీక్షించేటప్పుడు తెరపై ఏమి కనిపిస్తున్నది అన్న ప్రశ్నతో ఆగక, ఆడేవాని చేత ఏమి చేయిస్తున్నది అని కూడా అడగాలి.

బొమ్మ ఏమాత్రం లేకపోయినా నియమం ఒక్కటే ఆటను నిలబెట్టగలదనటానికి 'టెట్రిస్' నిదర్శనం. 1984లో మాస్కోలోని సోవియట్ విజ్ఞాన అకాడమీ గణనకేంద్రంలో పనిచేస్తున్న అలెక్సీ పజిత్నోవ్ దీనిని రచించాడు. ఆయన వాడిన ఎలెక్ట్రోనికా 60 యంత్రానికి బొమ్మలు గీసే శక్తి లేదు. అందుచేత కుండలీకరణ చిహ్నాలను పక్కపక్కన పేర్చి వాటినే గళ్ళుగా చూపించాడు. నాలుగేసి గళ్ళు కలసిన ఏడు ఆకారాలు పైనుండి ఒక్కొక్కటిగా దిగుతాయి. వాటిని త్రిప్పి, సందు లేకుండా పేర్చితే నిండిన వరుస మాయమవుతుంది. వేగం పెరుగుతూ పోతుంది. సర్దటమే ఇందులోని పని. సర్దిన దానికి ఆనవాలు మిగలదు, సర్దలేకపోయినది మాత్రం కళ్ళ ముందు గుట్టపడుతుంది. ఇంటిపని చేసే స్త్రీలకు ఈ నియమాన్ని విడమరచి చెప్పనక్కరలేదు. ఈ ఆట ప్రపంచమంతటా అమ్ముడుపోయినా, హక్కులు ప్రభుత్వానివి గనుక రచయితకు చాలాకాలం ప్రతిఫలం దక్కలేదు. 1996లో గాని ఆ హక్కులు ఆయన చేతికి రాలేదు. 2023 డిసెంబరులో అమెరికాలోని ఓక్లహోమాకు చెందిన పదమూడేళ్ళ బాలుడు నింటెండో యంత్రంపై ఆడుతూ, 157వ అంచెలో యంత్రమే స్తంభించేదాకా తీసుకొనిపోయాడు. ఆటను ముగించటానికి దానిలో మార్గమేదీ లేదు గనుక, యంత్రాన్ని అలసింపజేయటమే గెలుపైంది.

రెండవది, మన కళాశాల విద్యార్థులు ఎక్కువ ఉత్సాహంతో ఎదురుచూచిన ఆట. 2023 అక్టోబరులో యూబీసాఫ్ట్ వారు విడుదల చేసిన 'అసాసిన్స్ క్రీడ్ మిరాజ్' తొమ్మిదవ శతాబ్దపు బాగ్దాదులో జరుగుతుంది. ఖలీఫా మన్సూర్ 762లో పునాది వేసిన ఆ గుండ్రని నగరం నేడు ఆనవాలు లేదు. ఆటలో దాని ప్రాకారాలు, కాలువలు, అంగళ్ళు, మసీదులు తిరిగి లేచి నిలబడినవి. సంభాషణలను అరబ్బీలోనే వినే సదుపాయం ఉన్నది. నిజం చెప్పాలంటే, మొదటి గంటసేపు ఏ పనీ చేయక వీధులలో ఊరక తిరిగాను. అంత అందమైన నగరం అది.

అయితే ఆ నగరంలో ఆడేవాని చేతికి అప్పగించిన పని ఏమిటి? గోడలెక్కటం, దాగటం, వెనుకనుండి వచ్చి పొడవటం. బైతుల్ హిక్మా అనే విజ్ఞానభవనం ఆటలో ఉన్నది. గ్రీకు గ్రంథాలు అరబ్బీలోకి వచ్చిన యుగం అది. బీజగణితానికి 'ఆల్జీబ్రా' అనే పేరు అల్ ఖ్వారిజ్మీ గ్రంథనామం నుండి వచ్చింది. ఏ కంప్యూటరు ఆటయినా నడిచేది అల్గారిథం అనే క్రమం మీదనే గదా, ఆ మాట ఆయన పేరు నుండి పుట్టినదే. ఇంతటి సంబంధం ఉండి కూడా ఆ భవనంలో మన చేయి ఒక్క లెక్క చేయదు, ఒక్క వాక్యం అనువదించదు. చరిత్ర విషయాలు ఆటలో ఒక ప్రక్కన చదువుకొనే పుటలుగా అమర్చబడినవి. ఆ పుటలు శ్రద్ధగా వ్రాసినవే. కాని చదవనివాడు ఏమీ పోగొట్టుకోడు. పొడవనివాడు ముందుకు పోలేడు. మన పూర్వుల వైభవాన్ని చూపిందని ఈ ఆటను మెచ్చుకొనే విద్యార్థులు ఈ తేడాను గమనించాలి.

మూడవ ఆటను గురించి కొంత విస్తరించి చెప్పాలి. లూకాస్ పోప్ ఒక్కడే రూపొందించి 2013లో వెలువరించిన 'పేపర్స్, ప్లీజ్'లో యుద్ధం లేదు, పరుగు లేదు, అందమైన నగరమూ లేదు. ఆర్స్టోట్జ్కా అనే కల్పిత దేశంలో, 1982లో, సరిహద్దు గేటు వద్ద తనిఖీ గుమాస్తా ఉద్యోగం ఆడేవానికి చీటీలో తగులుతుంది. కిటికీ ముందు వరుస నిలబడి ఉంటుంది. ఒక్కొక్కరు వచ్చి కాగితాలు బల్లమీద పెడతారు. పేరు, పుట్టిన తేదీ, ఫోటో, గడువు, ముద్ర – వీటిని నిబంధనల పుస్తకంతో సరిపోల్చి, ఆకుపచ్చ ముద్ర గాని ఎర్ర ముద్ర గాని వేయాలి. సరిగా పరిష్కరించిన మనిషికి ఐదు క్రెడిట్ల చొప్పున జీతం. సాయంకాలం ఆ జీతంతోనే అద్దె, తిండి, చలికాపు, మందులు చూసుకోవాలి. ఇంట్లో భార్య, కొడుకు, అత్తగారు, మామయ్య ఉన్నారు. తిండీ వేడీ చాలకపోతే జబ్బుపడతారు, మందు లేకపోతే చనిపోతారు. నిబంధనలు రోజురోజుకూ మారుతూ కొత్త కాగితాలు చేరుతుంటాయి.

ఒక రోజున ఒక భర్త వస్తాడు. అతని కాగితాలు సక్రమంగా ఉన్నాయి. వెనుక తన భార్య వస్తున్నదని, దయచూపమని చెప్పి లోపలికి పోతాడు. ఆమె వద్ద ప్రవేశానుమతి పత్రం లేదు. తమ దేశంలో ఇవ్వలేదని, తిరిగి వెడితే ప్రాణం దక్కదని వేడుకొంటుంది. ఆకుపచ్చ ముద్ర వేస్తే వెంటనే యంత్రం నుండి తప్పుపట్టిన చీటీ వస్తుంది.

ఇక్కడ నియమాన్ని జాగ్రత్తగా చూడాలి. రోజుకు మొదటి రెండు తప్పులకు హెచ్చరిక మాత్రమే. మూడవ తప్పు నుండి జీతంలో కోత. అనగా ఈ ప్రభుత్వం తనకు తెలియకుండానే గుమాస్తాకు రోజుకు రెండు దయలను ఉచితంగా ఇచ్చినది. అయితే పరధ్యానంలో తప్పు తేదీని చూడక వదిలినా అదే లెక్క, తెలిసి కరుణించినా అదే లెక్క. ప్రొద్దుటే అజాగ్రత్తతో రెండు తప్పులు చేసినవానికి మధ్యాహ్నం ఆ స్త్రీ ఎదురైతే ఆమె కోసం సొంత పిల్లవాని తిండిలో నుండి తీసి చెల్లించాలి. కనుక జాలిగుండె గల గుమాస్తా మిగిలినవారి విషయంలో అందరికంటె నిక్కచ్చిగా ఉండవలసి వస్తుంది. దయకు చోటు మిగల్చటం కోసం కఠినంగా ఉండటం అనే ఈ సంకటాన్ని ఏ పాత్రా నోటితో చెప్పదు. ముద్ర పట్టిన చేతికే అది తెలియవస్తుంది. ఒక నవలాకారుడు దీనిని నూరు పుటలలో వర్ణించగలడు గాని, పాఠకుని చేత చేయించలేడు.

ఇంత బరువైన ఆటలో హాస్యం కూడా లేకపోలేదు. చేత్తో గీసికొన్న పాస్‌పోర్టుతో, కోబ్రస్తాన్ అనే లేని దేశపు పౌరుణ్ణని చెప్పుకొంటూ ఒక ముసలాయన వస్తాడు. నిరాకరిస్తే కోపగించడు, మరో రోజున మళ్ళీ నవ్వుతూ వస్తాడు.

ఈ ఆట మన ప్రాంతంలో పుట్టినది కాదు, మన ప్రాంతాన్ని ఉద్దేశించినదీ కాదు. అయినా కాగితాలలో పేరు కలియకపోవటం అనే విషయం మన విద్యార్థులకు కొత్త కాదు. ఉర్దూలో ఒకే విధంగా వ్రాసే పేరు ఇంగ్లీషులోకి పోయేసరికి నాలుగు విధాలవుతుంది. 'ముహమ్మద్' అన్నది ఒకచోట పూర్తిగా, మరొకచోట రెండక్షరాలుగా ఉంటుంది. తెలుగు కుటుంబాలలో ఇంటిపేరు ఒక పత్రంలో ముందు, మరొక దానిలో వెనుక, వేరొక దానిలో పొడి అక్షరంగా ఉంటుంది. పదవ తరగతి మెమో, ఆధార్, పాస్‌పోర్టు మూడూ ఒకే మనిషిని ముగ్గురిగా చూపిన సందర్భాలు మన తరగతి గదులలో తక్కువ కాదు. ఆ మనిషి కిటికీకి ఇవతల నిలబడటం మనకు తెలుసు. ఈ ఆట మనలను అవతల కూర్చోబెడుతుంది. ఆటలో పేరు కలియనప్పుడు వేలిముద్రలు తీసి, ఆ మనిషికి మారుపేరు నమోదై ఉన్నదేమో చూసే వీలు ఉన్నది. దానికి సమయం పడుతుంది. సూర్యాస్తమయం లోపు ఎంతమందిని పంపితే అంత జీతం. మన ఎదుట కూర్చున్న గుమాస్తా ఒక్క నిమిషం వెచ్చించి రికార్డు చూడకపోవటానికి క్రూరత్వమే కారణం కానక్కరలేదని ఈ కుర్చీలో కూర్చున్న తరువాత తెలిసింది. ఆ తెలివిడి వలన ఇవతల నిలబడినవాని కష్టం తగ్గదన్నది వేరే మాట.

కమిటీ వారి దృష్టికి ఒక విషయం: ఈ ఆటలో దేహపరీక్ష చిత్రాలు కొన్ని ఉన్నాయి, వాటిలోని నగ్నతను తొలగించే అమరిక కూడా ఆటలోనే ఉన్నది. 2022 నుండి ఇది చేతి ఫోనులపై కూడా లభిస్తున్నది.

చివరిది, పోలండ్ రాజధాని వార్సాలోని 11 బిట్ స్టూడియోస్ వారు 2014లో తెచ్చిన 'దిస్ వార్ ఆఫ్ మైన్'. 1992 నుండి 1996 వరకు సాగిన సారయేవో ముట్టడి దీనికి ప్రేరణ. యుద్ధాన్ని చూపే ఆటలలో ఆడేవాడు సాధారణంగా సైనికుడు. ఇందులో సైనికుడు కాడు. పాడుపడిన ఇంట్లో తలదాచుకొన్న ముగ్గురు నలుగురు పౌరులను బ్రతికించవలసినవాడు. పగలు తుపాకుల భయం వలన బయటికి పోరాదు, వంట చేయాలి, తలుపులు బిగించాలి. రాత్రి ఒకరు వెళ్ళి తిండీ మందులూ వెదకి తేవాలి. ఒక ఇంట్లో వృద్ధ దంపతులు ఉంటారు. వారి ఆహారాన్ని దోచుకొంటే ఎదిరించలేరు. వెంటపడి బ్రతిమాలుతారు, అంతే. సరుకు మన సంచిలోకి వస్తుంది, కాని తెచ్చినవాడు మరునాడు క్రుంగిపోయి పనికి లేవడు.

ఇక్కడ నాకొక అభ్యంతరం ఉన్నది. ఈ ఆటలో దుఃఖం కూడా ఒక లెక్కే. ఓదార్పు మాటతోనో, గిటారుతోనో, చదివే పుస్తకంతోనో దానిని తగ్గించవచ్చు. కొన్ని గంటలు ఆడిన తరువాత మనిషి శోకాన్ని వంటచెరకు నిల్వ చూసినట్లే చూడసాగుతాము. రచయితలు కోరినది ఇది కాకపోవచ్చు, నియమం నేర్పుతున్నది మాత్రం ఇదే. అయినా ఆ పుస్తకాల విషయంలో చూపిన ఊహ గొప్పది. దొరికిన పుస్తకాన్ని చదివి మనస్సును కుదుటపరచుకోవచ్చు; చలి ముదిరితే పొయ్యిలో వేసి కాచుకోవచ్చు. కాల్చిన పుస్తకాన్ని మళ్ళీ చదవటానికి వీలు లేదు.

పోలండ్ ప్రభుత్వం 2020లో ఈ ఆటను పాఠశాలల అనుబంధ పఠన జాబితాలో చేర్చుతున్నట్లు ప్రకటించింది. పద్దెనిమిదేళ్ళు నిండిన విద్యార్థులకు ఉద్దేశించిన ఏర్పాటు అది. మన కళాశాలలో కూడా డిగ్రీ విద్యార్థులకు ఇటువంటి పాఠం ఒకటి పెట్టటానికి పెద్ద ఖర్చు లేదు: ఒక కంప్యూటరు, రెండు గంటలు, ప్రతి విద్యార్థికి ఒక నోటుపుస్తకం చాలును. ఆడుతున్నప్పుడే తాము తీసికొన్న ప్రతి నిర్ణయాన్ని, దానికి ఆ క్షణంలో తోచిన కారణాన్ని ఉర్దూలోనో తెలుగులోనో వ్రాసికోవాలి. తరువాత ఇద్దరిద్దరు కూర్చుండి నోటుపుస్తకాలు మార్చుకొని చదువుకోవాలి. మొదటి పుస్తకాన్ని పొయ్యిలో వేసినది ఎన్నవ రోజునో, అప్పటికి ఇంట్లో వంటచెరకు ఎంత మిగిలి ఉన్నదో కూడా అందులో తప్పక నమోదు చేయాలి.