‘రిమెంబర్’ – జ్ఞాపకము – యాది

ఆంగ్లమున ‘రిమెంబర్’ అను క్రియ మన విద్యార్థులకు చిరపరిచితము. అయినను వారి వ్రాతలలో దీని వాడుకయందు తప్పులు మెండు. ఆ తప్పులు చాలవరకు అశ్రద్ధవలన గాక, ఇంటిభాషవలన కలుగుచున్నవి. మన కళాశాలలో ఇంటిభాషలు రెండు. కావున తప్పులును రెండు విధములు.

తెలుగు ఇంటి విద్యార్థి ‘రేపు నాకు జ్ఞాపకము చేయుము’ అనదలచి ‘రిమెంబర్ మీ టుమారో’ అని వ్రాయును. తెలుగున ‘జ్ఞాపకము చేయు’ అనగా ఇతరులకు గుర్తుచేయుట. ‘జ్ఞాపకము చేసుకొను’ అనగా తాను తలచుకొనుట. ‘కొను’ అను చిన్న అనుబంధమే ఈ భేదమును తెలుపును. ఆంగ్లమునకు ఆ సౌకర్యము లేదు. అచట తలచుకొనుటకు ‘రిమెంబర్’, గుర్తుచేయుటకు ‘రిమైండ్’ అని వేరు వేరు క్రియలు కావలెను.

ఉర్దూ ఇంటి విద్యార్థి ‘సబఖ్ యాద్ కియా’ అను మాటను ‘ఐ రిమెంబర్డ్ ది లెసన్’ అని మార్చును. ‘యాద్ కర్నా’ అనగా తలచుకొనుటయు, వల్లించి నేర్చుకొనుటయు. ఆంగ్లమున ఈ రెండవ అర్థమునకు ‘లర్న్ బై హార్ట్’ అనవలెను. వల్లించిన పాఠమును ఆంగ్లేయులు హృదయమునందు, తెలుగువారు కంఠమునందు నిలుపగా, ఉర్దూవారు ‘జబానీ యాద్’ అని నాలుకపై నిలిపినారు.

ఇరువురును గమనింపవలసినది మరియొకటి కలదు. ‘రిమెంబర్ టు లాక్ ది డోర్’ అనిన తాళము వేయుట మరువకుమని అర్థము. అది ముందున్న విధి. ‘ఐ రిమెంబర్ లాకింగ్ ది డోర్’ అనిన తాళము వేసినట్లు జ్ఞాపకమున్నదని. అది గడచిన పని.

ఇక మన జిల్లాల మాటకు వత్తము. పారసీకమునుండి ఉర్దూ ద్వారా వచ్చిన ‘యాద్’ తెలుగు అజంత స్వభావమునకు లోబడి ‘యాది’ అయినది. నల్లగొండ, మహబూబ్‌నగర్ పల్లెలలో మతభేదము లేక అందరి నోట వినవచ్చును. ‘మా నాయిన మిమ్ముల యాదిజేసిండు’ అనిన అది క్షేమము నడుగుటయే. ఆంగ్లేయుడును ‘రిమెంబర్ మీ టు యువర్ ఫాదర్’ అని తన నమస్కారమును పంపును. మనము ‘దువామే యాద్ రఖ్నా’ అందుము. ఆంగ్లేయుడు ‘రిమెంబర్ మీ ఇన్ యువర్ ప్రేయర్స్’ అనును. ఇచట మూడు భాషలును ఏకమైనవి.

విద్యార్థి దశలో నేనొక వ్యాసమున ‘యాది’ అని వ్రాయగా, గ్రామ్యమని దానిపై ఎఱ్ఱసిరా గీత పడినది. నాటినుండి చాలకాలము ఆ మాటను ఇంటిలోనే విడిచి తరగతికి వచ్చుచుంటిని. తరువాత ఉర్దూ, తెలుగు రెండింటను ప్రవీణులైన సామల సదాశివగారు తమ గ్రంథమునకు ‘యాది’ అనియే పేరిడిరని తెలిసినది. వారికే ‘స్వరలయలు’ గ్రంథమునకు 2011లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారము లభించినది.

విద్యార్థులారా! ఇంటి మాటను దాచినంతమాత్రమున ఆంగ్లము రాదు. మన మాట ఎచట ఆంగ్లముతో కలియునో, ఎచట విడిపోవునో ఎఱిగిన నాడే వచ్చును. ఇది యాదిలో ఉంచుకొనుడు.