నాయనమ్మ బొమ్మ వెనక ఏ రంగు?

నూజివీడు,
మే నెల.

చిరంజీవి అమ్ములుకి,


నువ్వు పాస్టెల్స్‌తో వేసిన నాయనమ్మ బొమ్మ ఫోన్లో చూశాను. కళ్లు కుదిరాయి. కింది పెదవి దగ్గరున్న ఆ చిన్న వంకరను కూడా పట్టుకున్నావు, అది అందరికీ దొరకదు. నాకు బాధ కలిగించింది ఒక్కటే. తెల్ల కాగితం మీద ముఖం మరీ నల్లగా వచ్చిందని దాని మీద తెలుపు రుద్ది లేత చేశానన్నావు. అలా నల్లగా కనిపించడానికి కారణం చుట్టూ నువ్వు వదిలేసిన తెలుపమ్మా. దిద్దాల్సింది వెనకభాగాన్ని. ఇన్నేళ్లు ఎండలో కాయ కోయించి, గంపలు ఎత్తించిన మనిషి రంగు అది. దాన్ని పలచన చేసే హక్కు నీకూ లేదు, నాకూ లేదు.

నమ్మకం కలగాలంటే ఓ పని చెయ్యి. బాగా మగ్గిన బంగినపల్లి పండును తెల్ల తువ్వాలు మీద పెట్టి కాసేపు చూడు. తర్వాత దాన్నే నల్ల గొంగళి మీదకు మార్చు. తువ్వాలు మీద కాస్త మందంగా, మట్టి కలిసినట్టు కనిపించిన పసుపు గొంగళి మీద వెలిగిపోతుంది. ఇలాగే ఫ్రాన్సులో గోబెలిన్స్ అద్దకపు శాల చూసుకునే షెవ్రుల్ అనే రసాయన శాస్త్రవేత్తకు నలుపు రంగు సరిగ్గా రావడం లేదని ఫిర్యాదులొచ్చాయి. ఆయన దారాలు పరీక్షిస్తే అద్దకంలో ఏ లోపమూ లేదు. పక్కన నేసిన నీలం, ఊదా రంగుల వల్లే నలుపు వెలవెలబోతోంది. ఆ సంగతి మీద 1839లో పెద్ద పుస్తకమే రాశాడు. రంగు దాని పొరుగును బట్టి కనిపిస్తుందని అప్పటి నుంచి చిత్రకారులు ఆయన పేరు చెప్పుకుంటున్నారు.

మనకు దొరికే పాస్టెల్ పాఠాలు చాలావరకు తెల్లటి ముఖాలను ఎదురుగా పెట్టుకుని పుట్టినవి. పద్దెనిమిదో శతాబ్దంలో వెనిస్‌లో రోసాల్బా కారియేరా నీలి కాగితం మీద వేసేది. ముఖాలు పాలిపోయినంత తెలుపు, జుట్టుకు పౌడరు. వెనక కాస్త ముదురు రంగుంటే చాలు, ముఖం దానంతటదే ముందుకొస్తుంది. ఆ కాలంలోనే లియోటార్ వేసిన 'చాక్లెట్ అమ్మాయి' ఇప్పుడు డ్రెస్డెన్‌లో ఉంది, దాని బొమ్మ ఎక్కడైనా దొరుకుతుంది, చూడు. వెనకంతా లేత గోడే, నీడ అంతంతమాత్రం. మనిషిని నిలబెట్టింది బట్టల రంగులూ, శుభ్రమైన అంచులూ. రెండూ గొప్పవే. అయితే రెండింటిలో ఏదీ నాయనమ్మ ముఖానికి అలాగే సరిపోదు. కలకత్తాలో అవనీంద్రనాథ్ ఠాగూరు గిలార్డి అనే ఇటాలియన్ దగ్గర పాస్టెల్ నేర్చుకుని మన మనుషుల ముఖాలు వేశాడు. నువ్వు వెతికి చూడాల్సింది అలాంటివి.

చామనఛాయ నలుపుకీ తెలుపుకీ నడుమ ఉంటుంది కనుక వెనక రెండు దారులూ తెరిచే ఉంటాయి. ముదురు పెడితే నుదుటి మీద, చెంప ఎముక మీద, ముక్కు దూలం మీద వెలుగు మెరుస్తుంది. లేత పెడితే ముక్కు, గడ్డం గీత మాట్లాడతాయి, లోపలి మెరుపు తగ్గుతుంది. నాయనమ్మ దగ్గర ఇంకో చిక్కుంది. ముఖం చామనఛాయ, జుట్టు ముగ్గుబుట్ట, ఒంటి మీద తెల్ల నేతచీర. లేత రంగు ముందు జుట్టూ చీరా మాయమవుతాయి. ముదురు రంగు ముందు అవి మెరిసిపోయి, నీడవైపు చెంప వెనకదాంట్లో కలిసిపోతుంది. అందుకే ఈ బొమ్మకు ఒకే రంగు చాలదు.

మన అరుగు గుర్తుందిగా. పొద్దున్నే నాయనమ్మ అక్కడ కూర్చుంటే ఎండ ఎడమవైపు నుంచి పడుతుంది. ఆ వైపు వెనక పెద్ద రసాల చెట్ల గుబురు, కుడివైపు సున్నం వేసిన గోడ. నీకు కావలసిందంతా అక్కడే ఉంది. వెలుగు పడ్డ చెంప వెనక ముదురు, నీడ చెంప వెనక లేత. ఒకదాన్నుంచి ఇంకోదానికి తల వెనకగా మెల్లగా జరుపు, నడుమ గీత కనపడనివ్వకు. గోడను అచ్చంగా సున్నం తెలుపులో వెయ్యకు. నీడ చెంపకన్నా ఒక్క మెట్టు లేతగా ఉంటే చాలు. బొమ్మ మొత్తంలో అన్నిటికన్నా తెల్లనిది నుదుటి పక్క వెంట్రుకలే కావాలి. చీర భుజం గోడలో కలిసిపోతే పోనీ, చూసేవాళ్ల కన్ను దాన్ని పూరించుకుంటుంది.

చెట్ల చీకటికి నల్ల పుల్ల వాడకు. నలుపు అక్కడ రంధ్రం పడ్డట్టు ఉంటుంది. ముదురాకు పచ్చ పరిచి, దాని మీద ముదురు మెరూన్ పలచగా లాగు. మామిడి చిగురు రాగిరంగులో వస్తుందిగా, పచ్చలో ఆ ఎరుపు ఉండటం అబద్ధం కాదు. అదే పచ్చ రవ్వంత గడ్డం కింద, మెడ మీద తగిలించు. చెట్టు దగ్గర కూర్చున్న ఎవరి మెడ చూసినా ఆ ఛాయ ఉంటుంది, మన కూలీలను గమనించు.

ఇక కాగితం. తెల్లది మానెయ్యి. ఎంత రుద్దినా గరుకు సందుల్లోంచి తెల్ల చుక్కలు తొంగిచూసి ముదురును బూడిద చేస్తాయి. గోధుమరంగుదో, బూడిద కలిసిన పచ్చదో కొనుక్కో. చెంపకూ దవడకూ నడుమ కొన్నిచోట్ల కాగితాన్నే వదిలెయ్యొచ్చు. కాన్సన్ రంగు కాగితమైతే ఒకవైపు తేనెపట్టు అచ్చు ఉంటుంది, ముఖానికి రెండోవైపు వాడు. నల్ల కాగితం జోలికి ఇప్పుడే వెళ్లకు, దాని మీద ప్రతి లేత రంగూ ఉన్నదానికన్నా ఎక్కువ వెలిగి నిన్ను మోసం చేస్తుంది.

ముందు అరచేతంత బొమ్మలు బొగ్గుతో మూడు నాలుగు వెయ్యి, కళ్లూ ముక్కూ లేకుండా నలుపు, నడుమ, తెలుపు అంతే. వెనకభాగం అక్కడే తేల్చుకుని, అసలు కాగితం మీద ముఖంతో పాటే మొదలుపెట్టు. ముఖం పూర్తిచేసి చుట్టూ రంగు నింపితే కత్తిరించి అతికించినట్టే ఉంటుంది. అట్టను నిలువుగా పెట్టుకో, పొడి కిందకు రాలుతుంది. నోటితో ఊదకు, ఆ పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు. వెలుగు చెంప అంచు పదునుగా, తల వెనక అంచు వేలితో మెత్తగా.

కుదిరితే హనుమాన్ జంక్షన్‌లో బస్సెక్కి రాజమండ్రి వెళ్లి దామెర్ల రామారావు చిత్రశాల చూసిరా. 1925లో, 28 ఏళ్లయినా నిండకుండా పోయాడు ఆ మహానుభావుడు. ఆయనవి నీటిరంగులు, నూనెరంగులు. పాస్టెల్ కాకపోయినా ఫర్వాలేదు. మన ఒంటి రంగు పక్కన ఆయన ఏ రంగు ఉంచాడో ఒక్కో బొమ్మ ముందూ నిలబడి చూడు.

పూర్తయ్యాక బొమ్మ మీద పొడిని నిలిపే ఫిక్సెటివ్ కొట్టకు, లేత రంగులు కిందకు దిగిపోతాయి, నువ్వు దాచిపెట్టిన ఆ జుట్టు తెలుపే ముందు పోతుంది. బటర్ పేపర్ కప్పి, రెండు అట్టల మధ్య పెట్టి పడుకోబెట్టి తీసుకురా. ఫ్రేము ఇక్కడే కట్టిద్దాం. అక్రిలిక్ షీటు పొడిని లాగేస్తుంది కనుక గాజు అద్దమే వేయించి, బొమ్మకు తగలకుండా మధ్యలో మౌంట్ అట్ట పెట్టిస్తాను. వానలు మొదలయ్యేలోపు వస్తే మంచిది, చెమ్మకు పాస్టెల్ మీద బూజు పడుతుంది. ఆలోపు చిన్న రసాలు కూడా ఇంకా ఉంటాయి.

మీ పెదనాన్న