శివరాత్రికి చలి పోని చోట

కాకినాడ

చి. సింధుకి,


నీ వాట్సాప్ చూశాను. మార్చి రెండో శనివారం నలుగురూ కలిసి గ్లాస్గో నుంచి ఫోర్ట్ విలియం వెళ్ళి బెన్ నెవిస్ ఎక్కుతామన్నావు. దాంతోపాటు ఫోన్లో వాతావరణం బొమ్మ పంపావు: పచ్చటి సూర్యుడు, పక్కన 9 డిగ్రీలు. "చలి పోయింది మామయ్యా, అలిపిరి మెట్లెక్కిన దాన్ని, ఇదో లెక్కా" అని రాశావు. ఫోన్ చేసి ఆపమని మీ అమ్మ నా ప్రాణం తీస్తోంది. ఫోన్లో అయితే నువ్వు ఊఁ ఊఁ అని ఊరుకుంటావు. అందుకే ఈ ఉత్తరం.

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందని మనవాళ్ళు అన్నది గోదావరి గట్టున కూర్చుని. హైలాండ్స్ కొండలకి ఆ లెక్క చెల్లదు. ఇన్వర్‌నెస్‌లో ఉద్యోగం చేసినన్నాళ్ళూ నేను చూసిందే చెబుతున్నా. కింద తోటల్లో డాఫొడిల్స్ మొగ్గ వేసే రోజుల్లోనే చాలా ఏళ్ళు పైన మంచు బాగా లోతుగా ఉండేది. డిసెంబరు నుంచి పడింది పడినట్టు పేరుకుంటూ వస్తుంది మరి. చుట్టూ ఉన్న సముద్రం ఏడాది మొత్తమ్మీద బాగా చల్లబడేదీ ఫిబ్రవరి, మార్చిల్లోనే. పొద్దు పెరిగేసరికి మనమే చలికాలం అయిపోయిందనుకుంటాం.

బెన్ నెవిస్ ఎత్తు 1345 మీటర్లు. మన అరకు వైపు అర్మకొండ 1680. కాబట్టి అంకె చూస్తే ఏమంత గొప్పగా లేదు. కాకపోతే ఫోర్ట్ విలియం ఉన్నది సముద్రపు పాయ ఒడ్డున. ఆ 1345లో దాదాపు మొత్తం కాళ్ళతోనే ఎక్కాలి. ఇక నీ 9 డిగ్రీలంటావా, అది కింద ఊళ్ళో 9. వెయ్యి మీటర్లకి ఆరున్నర డిగ్రీల చొప్పున తగ్గిందనుకో, శిఖరం మీద సున్నాకి వచ్చేస్తుంది. ఆమాత్రం చలి మన లంబసింగి వాళ్ళకీ తెలుసు. కానీ ఆ సున్నాకి గంటకి 40 మైళ్ళ గాలి తోడైతే ఒంటికి అది మైనస్ 9 కింద లెక్క.

అసలు శత్రువు గాలి, సింధూ. చలిని బట్టలతో ఆపొచ్చు, గాలిని ఆపలేం. పైగా గాలి వేగం రెట్టింపైతే దాని తోపు నాలుగు రెట్లవుతుంది. 20 మైళ్ళ గాలిలో కబుర్లు చెప్పుకుంటూ నడిచినవాళ్ళు 40 మైళ్ళ గాలిలో అడుగు తీసి అడుగు వేయడానికే తంటాలు పడతారు. హుద్‌హుద్ తుపాను నాడు విశాఖలో గాలి గంటకి సుమారు 180 కిలోమీటర్లన్నారు, నీకు గుర్తుండే ఉంటుంది. హైలాండ్స్‌లోని కెయిర్న్‌గార్మ్ శిఖరం మీద 1986 మార్చి 20న వచ్చిన ఒక్క విసురు 173 మైళ్ళు, అంటే 278 కిలోమీటర్లు. తుపాను గాలీ ఒక్క విసురూ ఒకటి కావని నాకూ తెలుసు. నువ్వు చూడాల్సింది తేదీ. మార్చి 20.

నా కథ కూడా విను, మీ అత్తయ్యకి తప్ప ఎవరికీ చెప్పలేదు. అదే కెయిర్న్‌గార్మ్ మీద, ఒక మార్చి ఆదివారం, చాక్లెట్ రేపర్ విప్పుదామని కుడిచేతి గ్లవ్ తీసి చంకలో పెట్టుకున్నాను. గాలి ఒక్కసారి విసిరింది. నల్లటి గ్లవ్ మంచు మీద దొర్లుకుంటూ పోతుంటే కాకి ఎగిరినట్టు కనబడింది, అంతే. పది నిమిషాలకి వేళ్ళు తెల్లగా చెక్కముక్కల్లా అయిపోయాయి. జాకెట్ జిప్పు పట్టుకుంటే పట్టుకున్నట్టు తెలియదు. దిక్సూచి మూత తీయలేకపోయాను. వేళ్ళకి చలి తగిలితే ఏమవుతుందో రోగులకి వివరంగా చెప్పే డాక్టరుని, నా బూటు లేసు పక్కవాడు కట్టాడు. అప్పట్నుంచీ బ్యాగులో రెండు జతలు అదనంగా లేకుండా గుమ్మం దాటలేదు.

కాబట్టి ఆ సూర్యుడి బొమ్మ తీసి పక్కన పెట్టు. కొండలకి వేరే వాతావరణ సూచన ఉంది, మౌంటెన్ వెదర్ ఇన్ఫర్మేషన్ సర్వీస్ వాళ్ళది. రోజూ వస్తుంది, డబ్బులు అక్కర్లేదు. అది ప్రశ్నలూ జవాబుల్లా ఉంటుంది: గాలి ఎంత, ఆ గాలి మనిషిని ఏం చేస్తుంది, మబ్బు ఎంతవరకు దిగుతుంది, 900 మీటర్ల దగ్గర చలి ఎంత, గాలి ఉష్ణోగ్రత సున్నాకి చేరే ఎత్తు ఎంత. నువ్వు ముందు రెండో ప్రశ్న చూడు, తర్వాత చివరిది. ఉష్ణోగ్రత సున్నాకి చేరే ఆ ఎత్తుని అక్కడ ఫ్రీజింగ్ లెవెల్ అంటారు. దాన్ని ఒక్కరోజుది చూసి ఊరుకోకు, ముందు మూడు రోజులదీ చూడు. గురువారం అది శిఖరం కంటే పైకి పోయి, శుక్రవారం రాత్రి 300 మీటర్లకి దిగిందనుకో. అంటే గురువారం కరిగి నీరైన మంచంతా శనివారం పొద్దుటికి గాజుపలకై ఉంటుంది. పైన ఎండ ఉండొచ్చు, ఆకాశం నీలంగా ఉండొచ్చు, ఫొటోలు బ్రహ్మాండంగా వస్తాయి. ఒక్కసారి కాలు జారితే మాత్రం ఆగేది కింద బండరాళ్ళ దగ్గరే. నీ స్పోర్ట్స్ షూకి దాని మీద ఏ పట్టూ ఉండదు. గట్టి అడుగున్న బూట్లు, వాటి కింద బిగించే ఇనుప ముళ్ళు, అంటే క్రాంపాన్లు, చేతిలో ఐస్ యాక్స్ ఉండాలి. జారినప్పుడు ఆ యాక్స్‌తో ఆగడం ముందే నేర్చుకుని ఉండాలి. అద్దెకి తెచ్చి వీడియో చూసి నేర్చుకుంటానంటే, చెరువులో పడ్డాక ఈత పుస్తకం తెరిచినట్టే.

మంచు దొర్లిపడే ప్రమాదం సంగతి స్కాటిష్ అవలాంచ్ వాళ్ళు ఏప్రిల్ దాకా రోజూ చెబుతారు, అదీ చూడు.

ఇక ఆ శిఖరం సంగతి. పైన బల్లపరుపుగా మైదానంలా ఉంటుంది, అందుకే భయం వేయదు. ఉత్తరపు అంచున గాలి తోసిన మంచు మన పెంకుటింటి చూరులా బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది. కింద ఆధారం ఉండదు, ఉత్త గాలి. నిలబడ్డవాళ్ళకి అది చూరని తెలియదు. మబ్బు దిగితే నేలా ఆకాశం ఒకే తెలుపు. తిరుగుదారిలో ఒక పక్క గార్డీలూ గల్లీ అనే లోయ నోరు, ఇంకో పక్క ఫైవ్ ఫింగర్ గల్లీ. అందుకే శిఖరపు గుర్తు దగ్గర్నుంచి మ్యాపు లెక్కన 231 డిగ్రీల దిక్కున 150 మీటర్లు, ఆ తర్వాత 282 డిగ్రీల దిక్కున దిగాలని అక్కడ అందరూ బట్టీ పడతారు. 150 మీటర్లంటే నీకు ఎన్ని అడుగులో ముందే లెక్కపెట్టుకున్నావా? ఫోన్ ఉందిగా అనకు. ఆ చలికి సగం బ్యాటరీ ఉన్న ఫోన్ కూడా ఉన్నట్టుండి ఆరిపోతుంది.

అదే శిఖరం మీద 1883 నుంచి 1904 దాకా మనుషులు కాపురం ఉండి వాతావరణం కొలిచారు. గంటగంటకీ, రాత్రీ పగలూ. గోడల శిథిలాలు ఇప్పటికీ ఉన్నాయి. వాళ్ళ లెక్కల్లో ఏడాది సగటు ఉష్ణోగ్రత సున్నాకి కాస్త కిందే. 1894 సెప్టెంబరులో సి.టి.ఆర్. విల్సన్ అనే కుర్రాడు అక్కడ కొన్నాళ్ళు పనిచేసి, మబ్బు మీద పడ్డ నీడ చుట్టూ రంగుల వలయాలు చూసి మురిసిపోయాడు. అలాంటి మబ్బుని గదిలో తయారుచేద్దామని కూర్చుంటే అది క్లౌడ్ చాంబర్ అయింది, 1927లో ఫిజిక్స్ నోబెల్ వచ్చింది. నువ్వు ఫిజిక్స్ పిల్లవి కాబట్టి చెప్పాను. ఆ కొండ నువ్వు చూడాలనే నాకూ ఉంది.

అయితే జూన్‌లో చూడు. ఈ మార్చికి లోచ్ లోమండ్ పక్కన కానిక్ హిల్ ఎక్కండి. 361 మీటర్లే, మీ గ్లాస్గోకి దగ్గర. గాలి అంటే ఏమిటో అక్కడా తెలుస్తుంది. నిజంగా మంచు కొండలే కావాలంటే వచ్చే శీతాకాలం గ్లెన్‌మోర్ లాడ్జ్‌లో శిక్షణ తీసుకో, ఫీజు నేను కడతాను. ఇది లంచమే, ఒప్పుకుంటున్నాను.

ఎక్కడికెళ్ళినా ఏ దారిన వెళ్తున్నావో, ఎన్నింటికి దిగుతావో ఇంట్లో ఉండే ఒకరికి రాసిచ్చి వెళ్ళు. మధ్యాహ్నం ఎన్నింటికి వెనక్కి తిరగాలో కూడా పొద్దున్నే, కడుపు నిండా తిని వెచ్చగా ఉన్నప్పుడే అనుకోవాలి. పైన చలికి బుర్ర సరిగ్గా పనిచేయదు. ఏదైనా అయితే 999కి చేసి ముందు పోలీసు, తర్వాత మౌంటెన్ రెస్క్యూ అని అడగాలి. వచ్చేవాళ్ళు జీతగాళ్ళు కారు, ఆ ఊరి మనుషులే, పైసా తీసుకోరు. సిగ్నల్ సరిగ్గా లేనప్పుడు మెసేజ్ పంపొచ్చు, కానీ నంబరు ముందే నమోదు చేసుకుని ఉండాలి. ఇవాళే చేసెయ్. ఈల ఒకటి కొనుక్కో. నిమిషంలో ఆరుసార్లు ఊదడం, నిమిషం ఆగడం, మళ్ళీ ఆరు.

నీ అరచేతి చుట్టుకొలత, బొటనవేలు వదిలేసి, దారంతో కొలిచి పంపు. అక్కడే ఆర్డరు పెట్టి మూడు జతల గ్లవ్స్ నీ అడ్రసుకి వచ్చేలా చేస్తాను. నా పాతది ఎడమచేతిది ఒక్కటి మిగిలింది. కుక్కరు దించడానికి మీ అత్తయ్య వాడుకుంటోంది.

మీ మామయ్య