నొప్పి పోయింది, మందు పోయిందా?

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల్లో తిరునాళ్ళకు బండలాగుడు పోటీలు మీరు చూసే వుంటారు. పాలపళ్ళ గిత్తలకు వేరు, రెండు పళ్ళ వాటికి వేరు, ఇలా పోటీలు పెడతారు. నిర్ణీత సమయంలో బండను ఎక్కువ దూరం లాగిన జతదే బహుమతి.

పోటీకి వారం ముందు ఒక ఎద్దు కుంటిందనుకోండి. పశువైద్యుడు నొప్పి తగ్గడానికి సూది వేశాడు. మర్నాటికి ఎద్దు చక్కగా నడుస్తోంది. కాడి కట్టవచ్చా?

నొప్పి తెలియకపోవడం వేరు, గాయం మానడం వేరు. దెబ్బతిన్న కాలుపై బరువు మోపవద్దని ఎద్దుకు చెప్పేది నొప్పే. మందు ఆ హెచ్చరికను అణచిందంతే. ఆ కాలితోనే బండ లాగితే గాయం ముదురుతుంది. గుర్రప్పందేలలో కాలు విరిగిన గుర్రం సాధారణంగా బతకదు. అందుకే మందు ఒంట్లోంచి పోయేదాకా గుర్రాన్ని పరుగుకు దించరాదని నియమం. హైదరాబాదు మలక్‌పేట వంటి పందెపు మైదానాల్లో గుర్రాల మూత్రం, రక్తం పరీక్షకు పంపుతారు.

మందు ఎన్నాళ్ళకు పోతుంది? ఒంట్లోని మందు సగానికి తగ్గే కాలాన్ని అర్ధాయువు అంటారు. ఫినైల్‌బ్యూటజోన్ అనే నొప్పిమందుకు గుర్రంలో ఇది దాదాపు 6 గంటలు. 4 గ్రాములు ఇస్తే 6 గంటలకు 2, 12 గంటలకు 1, రోజు తిరిగేసరికి పావు గ్రాము. ఆరు రోజుల్లో 24 సార్లు సగమై, గ్రాములో పదిలక్షలవ వంతు కూడా మిగలదు.

అదే మందు ఎద్దు ఒంట్లో సగం కావడానికి సుమారు 2 రోజులు పడుతుంది! ఆరు రోజులకు మూడుసార్లే సగమవుతుంది. అరగ్రాము ఇంకా వుంటుంది. గుర్రం లెక్క ఎద్దుకు పనికిరాదన్నమాట.

ఇక బాధ్యత ఎవరిది? 1968లో అమెరికాలోని కెంటకీ డెర్బీలో డాన్సర్స్ ఇమేజ్ అనే గుర్రం మొదట వచ్చింది. దాని మూత్రంలో ఈ మందే బయటపడింది. తాను ఆరు రోజుల ముందే ఇచ్చానన్నాడు వైద్యుడు. మన లెక్క ప్రకారం అప్పటికి పోవాలి కదా! మరెవరైనా మళ్ళీ ఇచ్చారా? అది నేటికీ తేలలేదు. అయినా గెలుపు ఫార్వర్డ్ పాస్ అనే గుర్రానికి పోయింది, శిక్షకుణ్ణి 30 రోజులు పందేలకు దూరంగా వుంచారు. గుర్రం ఎవరి సంరక్షణలో వుంటే జవాబు వారే చెప్పాలి. ఇది కఠినమే. కాని వైద్యుడిపైనా, సాయీసుపైనా నెట్టేయనిస్తే చివరికి ఎవరూ మిగలరు. గుర్రం నోరు విప్పి చెప్పలేదు.

గడువు చెప్పడం వైద్యుడి పని. మందు పేరు, మోతాదు, తేదీ, గంట నోటుబుక్కులో రాసుకోవడం యజమాని పని. ఇంట్లో చదువుకున్న పిల్లలుంటే ఆ పని వాళ్ళే చేయవచ్చు.

ఒక లెక్క: ఎద్దుకు పైన చెప్పిన మందే 4 గ్రాములు ఇచ్చారు. పది రోజులకు ఎంత మిగులుతుంది?