దీక్షకు ముందు

చిరంజీవి నాన్నా,

గన్నవరం నుంచి నీ ఉత్తరం అందింది. ఈ విజయదశమికి బౌద్ధం పుచ్చుకుంటానన్నావు, సంతోషం. ముందు మీ అమ్మ భయం తీరుస్తాను. ఎస్సీ సర్టిఫికెట్ ఎక్కడికీ పోదు. 1950 నాటి ఉత్తర్వులో ఆ హోదా దాదాపు హిందువులదే. 1956లో సిక్కులనూ, 1990లో బౌద్ధులనూ చేర్చారు. క్రైస్తవులకు మాత్రం లేదు. మన పల్లెలో చాలామంది ఆదివారం చర్చికి వెళ్తూ, కాగితం మీద హిందువులుగా ఉండేది అందుకే. వాళ్లను వెక్కిరించకు. ఆ అబద్ధం చెప్పిస్తున్నది చట్టం.

ఇక అసలు సంగతి. హిందువుగా చావనని అంబేద్కర్ యేవలాలో అన్నది 1935లో, నాగపూర్‌లో దీక్ష తీసుకున్నది 1956 అక్టోబర్ 14న. నడుమ ఇరవై ఒక్కేళ్లు! వదిలెయ్యడం ఎప్పుడో తేల్చుకున్నారు. ఎక్కడికి చేరాలో తేల్చుకోవడానికే అంతకాలం పట్టింది. ఆ రోజు భిక్షు చంద్రమణి దగ్గర దీక్ష తీసుకుని, వచ్చిన లక్షల మంది చేత తానే 22 ప్రతిజ్ఞలు చేయించారు. నువ్వు హుషారుగా రాసినవన్నీ ఫలానా దేవుణ్ణి కొలవనన్న మొదటివే. అవి తేలిక. అబద్ధమాడను, తాగను, అందరినీ సమానంగా చూస్తాను అన్నవాటి దగ్గర నీ కలం ఆగిపోయిందేం?

ఘంటసాల, జగ్గయ్యపేట స్తూపాలు చూసి మనది బౌద్ధ నేల అంటున్నావు. గర్వపడు, తప్పులేదు. కానీ మిషనరీల వల్ల మనవాళ్లకు చదువూ వైద్యమూ అందాక కూడా, మాలల చర్చి ఒకటి, మాదిగల చర్చి ఒకటిగా మిగిలిన ఊళ్లు ఈ డెల్టాలోనే ఉన్నాయి. రేపు విహారాలు అలా చీలవని పూచీ ఏమిటి? 1917లో బెజవాడలో భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన సభ జరిగితే, పంచములన్న పేరు తోసేసి ఆది ఆంధ్రులమన్నారు. హైదరాబాదులో బుద్ధ జయంతి జరిపించిన మనిషి కూడా ఆయనే. అందరికీ ఒకే పేరైతే వచ్చింది గానీ, ఒకే పంక్తి రాలేదు. పెళ్లి మాటెత్తితే మన పెద్దలే గొంతు మారుస్తారు. అగ్రకులాల మీద చేసే ఫిర్యాదులో సగమైనా మన ఇంట్లో చేసుకోం.

అందుకని ఒక పని చెయ్యి. అంబేద్కర్ పోయాక 1957లో అచ్చయిన 'బుద్ధుడు, ఆయన ధమ్మం' తెప్పించి, వారానికోరోజు మాదిగపల్లెలో కూర్చుని వాళ్లతో కలిసి చదువు. భోజనం అక్కడే. దీక్షకు ఎవరెవరు వస్తున్నారో నాకు రాయి. ఆ పల్లె నుంచి ఒక్కరూ లేకపోతే, వచ్చే ఏడాది విజయదశమికి పెట్టుకో.

ఆశీస్సులతో,
నీ పెదనాన్న