షిఫ్ట్ రిపోర్టులో ఎవరు, ఏం చేశారు, ఎప్పుడు

రుద్రూర్ ఫుడ్ టెక్నాలజీ కాలేజీలో బీటెక్ చదివి ప్లాంట్‌లో ట్రైనీగా చేరినవాళ్లు, ఆ చుట్టుపక్కల రైస్ మిల్లుల్లో షిఫ్ట్ చూసుకునేవాళ్లు, గల్ఫ్ వెళ్లి సైట్‌లో స్టోర్స్ పని చేసేవాళ్లు ఒక్క దగ్గరే ఇరుక్కుంటారు. పని బాగా తెలుసు. షిఫ్ట్ దిగేముందు జరిగిందేమిటో ఇంగ్లిష్‌లో నాలుగు వాక్యాలు రాయమంటే మాత్రం చెయ్యి ఆగిపోతుంది. పెద్ద పదాలు రాకనే ఇలా అవుతోందని చాలామంది అనుకుంటారు. రిపోర్టుకు కావాల్సిన క్రియలు చెక్, సెండ్, స్టాప్, టెల్ లాంటివి కొన్నే. వాటికి ముందు ఎవరిని పెట్టాలి, తర్వాత ఎప్పుడన్నది ఎక్కడ రాయాలి అన్న దగ్గరే తప్పులు జరుగుతాయి. ఆ తప్పులకు మెమోలు కూడా వస్తాయి.

తెలుగులో 'పంపాను' అంటే పంపింది నేనేనని క్రియే చెప్పేస్తుంది. ఇంగ్లిష్ 'సెంట్' అలా చెప్పదు. ఐ సెంట్, హీ సెంట్, దే సెంట్, అన్నీ ఒకటే రూపం. సింపుల్ పాస్ట్‌లో 'వాజ్, వర్' తప్ప ఏ క్రియా మనిషిని బట్టి మారదు. మన అలవాటు ప్రకారం "సెంట్ శాంపిల్ టు ల్యాబ్ ఎస్టర్‌డే" అని రాస్తే పంపిందెవరో కాగితం మీద లేనట్టే. రేపు శాంపిల్ దొరకకపోతే ఆ ఖాళీలో ఎవరి పేరు పడుతుందో మీ చేతిలో ఉండదు. "ఐ సెంట్ ద శాంపిల్ టు ద ల్యాబ్ ఎస్టర్‌డే" అని రాయండి. సార్ మీద గౌరవంతో "సార్ కేమ్, దే చెక్డ్ ద బాయిలర్" అని రాసినా చిక్కే. చదివేవాళ్లకు అక్కడ ఇద్దరు ముగ్గురు ఉన్నట్టు అర్థమవుతుంది. ఒక్కరైతే హీ లేదా షీ. ఇంగ్లిష్‌లో అది అగౌరవం కాదు. మేము, మనం రెండింటికీ ఇంగ్లిష్‌లో 'వీ' ఒక్కటే ఉంది. "వీ డిసైడెడ్" అంటే ఆ నిర్ణయంలో మేనేజర్ కూడా ఉన్నారా అన్న ప్రశ్న వస్తుంది. నిర్ణయం ఎవరిదో పేరు పెట్టి రాయండి.

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది వేరే ఉంది. "మోటర్ ఆగిందంట" అని మనం రోజూ అంటాం. ఆ చివరి 'అంట'తో అది నేను చూసింది కాదు, విన్నది అని తేలిపోతుంది. ఇంగ్లిష్‌లో రాసేటప్పుడు ఆ 'అంట' జారిపోయి "ద మోటర్ స్టాప్డ్" మాత్రమే మిగులుతుంది. ఇప్పుడు చూసిన సాక్షి మీరే.

పారాబాయిల్డ్ మిల్లులో రాత్రి షిఫ్ట్ అనుకోండి. డ్రయర్ వేడి పెరిగింది, ఆపరేటర్ ఆపేశాడు, పది నిమిషాల తర్వాత మీరు వెళ్లి చూశారు. "డ్రయర్ టెంపరేచర్ ఇంక్రీజ్డ్ సడన్లీ, ఇమ్మీడియట్లీ స్టాప్డ్" అని రాస్తే, వేడి పెరగడం మీరు చూశారని, వెంటనే ఆపింది మీరేనని చదువుతారు. ఎంక్వయిరీలో మొదటి ప్రశ్న మీకే. ఇలా రాయండి: "ద ఆపరేటర్ టోల్డ్ మీ దట్ ద టెంపరేచర్ రోజ్ సడన్లీ. హీ సెడ్ దట్ హీ స్టాప్డ్ ద డ్రయర్ ఎట్ 2.10. ఐ చెక్డ్ ఇట్ ఎట్ 2.20." మొదటి రెండు వాక్యాలు విన్నవి, చివరిది చూసింది. 'సడన్లీ' ఆపరేటర్ మాట కాబట్టి ఆయన చెప్పిన వాక్యంలోనే ఉంది. 'ఇమ్మీడియట్లీ' బదులు టైమ్ ఉంది. "హీ సెడ్ మీ" అని మాత్రం రాయకండి, "హీ టోల్డ్ మీ" అనాలి.

క్రియ విషయంలో గుర్తుంచుకోవాల్సినవి తక్కువే. 'డిడ్ నాట్' వచ్చాక మళ్లీ గతం అక్కర్లేదు. "డిడ్ నాట్ కేమ్" తప్పు, "డిడ్ నాట్ కమ్" సరి. 'ఎస్టర్‌డే' ఉన్నచోట 'హ్యావ్ సెంట్' కుదరదు, 'సెంట్' చాలు. ఎప్పుడో చెప్పకుండా అయిపోయిందని మాత్రమే అనాలంటే "ఐ హ్యావ్ ఆల్రెడీ సెంట్ ఇట్" అనొచ్చు. చివరి 'ఇట్' మింగేయకండి.

'ఓన్లీ' దగ్గర జాగ్రత్త. వాల్వ్ నేనే చూశానన్న అర్థంలో "ఐ ఓన్లీ చెక్డ్ ద వాల్వ్" అని మనవాళ్లు రాస్తారు. బయటివాళ్లకు అది 'వాల్వ్ చూసి ఊరుకున్నాను, ఇంకేమీ చేయలేదు' అని వినిపిస్తుంది. చేసిన మంచి పనికి మీరే గండి కొట్టుకున్నట్టు. "ఐ చెక్డ్ ద వాల్వ్ మైసెల్ఫ్" అనండి. 'ప్రాపర్లీ', 'కేర్‌ఫుల్లీ' రాసి ఆడిటర్‌ను ఒప్పించలేరు. మీటర్ రీడింగ్ రాస్తే ఒప్పుకుంటాడు. 'ఆల్మోస్ట్ ఫినిష్డ్' అంటే అవ్వలేదని అర్థం. ఎన్ని బస్తాలు మిగిలాయో రాయండి.

ఫుడ్ యూనిట్ల రికార్డులు మేనేజర్ ముచ్చటకు పెట్టినవి కావు. 2011 నాటి ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్సింగ్ నిబంధనల్లోని షెడ్యూల్ 4 వాటిని అడుగుతుంది. తప్పు రాస్తే వైట్‌నర్ పూయకండి, పైన దిద్దకండి. పాత మాట కనిపించేలా ఒక్క గీత కొట్టి, పక్కన సరైనది రాసి, సంతకం, తేదీ పెట్టండి. అదీ షిఫ్ట్ అప్పగించేలోపే.