చింపిన కాగితాల చిత్రకారుడు

కొలాజ్ అనే పదం ఫ్రెంచి భాషలో జిగురుతో అంటించడమనే క్రియనుండి పుట్టినది. 1912లో పికాసో, బ్రాక్ అనే చిత్రకారులు తమ చిత్రాలలో వార్తాపత్రికల ముక్కలను, గోడలకంటించే కాగితాలను అతికించి ఆధునిక చిత్రకళలో ఈ ప్రక్రియకు స్థానం కల్పించారు. అయితే అతికించే విద్య మనకు క్రొత్త కాదు. ఉర్దూ అభ్యసించే మిత్రులకు 'మురఖ్ఖా' పరిచితమే. చిత్రాలను, లిపిఖండాలను ఒక పుటపై అతికించి, చుట్టూ అంచులు తీర్చి కూర్చిన దర్బారు సంపుటాలకు ఆ పేరు. ఆ అరబ్బీ పదానికి మూలార్థం 'అతుకులు వేసినది' అనియే. కాని అక్కడ అతికినవి అమూల్య వస్తువులు. కుర్ట్ ష్విట్టర్స్ అతికించినవి ఎవరికీ అక్కరలేనివి.

ఈయన 1887లో జర్మనీలోని హానోవర్‌లో జన్మించాడు. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసిన పిమ్మట ట్రాము టిక్కెట్లు, తపాలా బిళ్ళలు, పొట్లాల కాగితాలు ఏరి చిత్రాలు కూర్చనారంభించాడు. సమస్తమూ విరిగిపోయినది గనుక ఆ ముక్కలతోనే క్రొత్తది నిర్మించాలని ఆయన భావన. ఒక బ్యాంకు ప్రకటనలోని 'కొమ్మెర్జ్' అనే మాటను కత్తిరించగా మిగిలిన 'మెర్జ్'నే తన కళకు పేరుగా నిలిపాడు. ఇచ్చట ఒకటి గమనించాలి. ఆయన చిత్రంలో టిక్కెట్టు మొదట ఒక రంగు, ఒక అంచు, ఒక మరక. దగ్గరకు పోతే అంకెలు కనిపించి, ఎవరో చేసిన ప్రయాణం గుర్తుకు వస్తుంది. మన బస్సు టిక్కెట్టును ఒకసారి అలా చూడండి!

హానోవర్‌లోని తన ఇంటి గదులనే ఏళ్ళ తరబడి శిల్పంగా మలచి, వచ్చిన మిత్రులకు చూపేవాడు. వారి వద్దనుండి గ్రహించిన చిన్న వస్తువులకు కూడా అందులో గూళ్ళుండేవి. 1937లో నాజీలు ఆయన కృతులను 'పతిత కళ' ప్రదర్శనలో ఉంచి అవహేళన చేశారు. అప్పటికే ఆయన నార్వే చేరాడు. 1940లో జర్మన్ సైన్యాలు అక్కడికీ రాగా బ్రిటన్‌కు పారిపోయాడు. ఆశ్రయం కోరిన ఆ దేశం శత్రుదేశీయుడని ఆయనను ఐల్ ఆఫ్ మాన్‌లో నిర్బంధించినది. అక్కడా ఆయన చేతులు ఊరకుండలేదు. తోటి నిర్బంధితుల రూపచిత్రాలు వ్రాశాడు, దొరికిన ముక్కలతో కొలాజ్‌లు చేశాడు. 1943లో బ్రిటిష్ బాంబులు హానోవర్‌లోని ఆ ఇంటిని నేలమట్టం చేశాయి.

కడపటి రోజులలో ఇంగ్లండులోని ఆంబుల్‌సైడ్‌లో స్థానికుల రూపచిత్రాలు వ్రాసి పొట్ట పోసుకుంటూ, 1947లో సమీపంలోని ఒక రాతికొట్టంలో మళ్ళీ నిర్మాణం మొదలుపెట్టాడు. 1948 జనవరిలో మరణించేనాటికి ఒక్క గోడపై మాత్రమే పని సాగినది. 1965లో ఆ గోడనే పెకలించి న్యూకాసిల్‌లోని హాటన్ గ్యాలరీకి తరలించారు.